చెవికి చేటు తెచ్చు మందులు

క్షయ క్రిమిని సమర్థముగా అణచగలిగిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్. 1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాసంస్థయందు వాక్స్‌మన్ ప్రయోగశాలలో పనిచేయుచుండిన ఆల్బర్ట్ షాట్జ్ దీనిని మట్టిలో నివసించు ఒక సూక్ష్మజీవి నుండి వేరుచేసెను. అంతకుముందు మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము వంటి శానటోరియములలో మంచి గాలి, మంచి ఆహారము, విశ్రాంతియే రోగులకు ప్రధాన చికిత్స. 1947లో ఆరంభమైన బ్రిటిషు పరీక్షలో ఈ మందు పుచ్చుకొన్న 55 మందిలో ఆరు నెలలలో నలుగురే మరణించిరి. మందు లేక విశ్రాంతి మాత్రమే పొందిన 52 మందిలో 14 మంది మరణించిరి. అయితే బ్రతికినవారిలో పలువురికి తల తిరుగుట మొదలయ్యెను. మందు ఊపిరితిత్తిని కాపాడుచు, లోపలి చెవిని గాయపరచుచుండెను.

ఆ పిదప నియోమైసిన్, కానామైసిన్, జెంటామైసిన్, అమికాసిన్ వచ్చెను. ఇవన్నియు అమైనోగ్లైకోసైడులను ఒకే కుటుంబమునకు చెందినవి. స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ముఖ్యముగా శరీరపు తూకము నిలుపు భాగమును, తక్కినవి ముఖ్యముగా వినికిడిని దెబ్బతీయును. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ ఈ కుటుంబములోనివి కావు. వానివలన ఈ భయము లేదు.

చెవిలో జరుగునదేమి?

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన గొట్టమొకటి కలదు. అందులో సుమారు 15,000 రోమకణములు వరుసలు తీరియుండును. ధ్వని తరంగము తాకగానే కణము పైనున్న సన్నని రోమములు వంగును. అప్పుడు సూక్ష్మద్వారములు తెరచుకొని, శ్రవణనాడికి సందేశము పోవును. గుల్ల మొదటనున్న కణములు కీచుధ్వనులను, కొననున్నవి బొంగురు ధ్వనులను గ్రహించును.

రక్తము నుండి లోపలి చెవి ద్రవములోనికి చేరిన మందు ఈ ద్వారముల గుండానే రోమకణములోనికి చొరబడును. వినుటకై తెరచిన తలుపే విషమునకు దారియగుచున్నది. రక్తములోని మందు కొన్ని గంటలలోనే చాలవరకు మూత్రముతో పోవును. రోమకణములలో చేరినది మాత్రము వారములు, నెలల తరబడి నిలుచును. అది కణమునకు శక్తినిచ్చు మైటోకాండ్రియాలను చెరచి, తీవ్రస్వభావముగల ఆక్సిజన్ రూపములను పుట్టించును. తుదకు కణము చచ్చును. కోడిపిల్లలో చచ్చిన రోమకణముల స్థానమున క్రొత్తవి పుట్టును, మానవునిలో పుట్టవు. కావున ఇట్లు వచ్చిన చెవుడు సాధారణముగా శాశ్వతము.

మొదట చచ్చునవి గుల్ల మొదటనున్న కణములు. అందుచే తొలుత కీచుధ్వనులు మాత్రమే వినబడవు. మాటలు వినబడుచుండుటచే రోగి ఏమియు గమనింపడు. కొందరికి చెవిలో హోరు వినబడును. నష్టము పెరిగినకొలది స, శ, ష, ఫ వంటి అక్షరములు తెలియక మాటలు అస్పష్టమగును.

కొందరికి ముప్పు ఎక్కువగుట ఎందుకు?

మైటోకాండ్రియాలోని జన్యు పదార్థమున 1555వ స్థానమందలి ఒక మార్పు ఇందుకు కారణము కాగలదని 1993లో తెలిసెను. ఈ మార్పు గలవారి కణములలోని రైబోసోములు బాక్టీరియా రైబోసోములను పోలియుండుటచే, మందు వానికి సులభముగా అంటుకొనును. అట్టివారికి కొలది మోతాదే చెవుడు తేవచ్చును. ఇది తల్లి నుండి బిడ్డలకు సంక్రమించును.

రెండవది మూత్రపిండముల స్థితి. ఈ మందులను బయటికి పంపునవి అవే. కర్నూలు, కడప జిల్లాలలో వేసవి యెండ 40 డిగ్రీలు దాటును. పొలములో చెమటోడ్చి, చాలినంత నీరు త్రాగని మనిషికి మూత్రము తగ్గును. మందు రక్తములో ఎక్కువసేపు నిలుచును. విరేచనములు, వాంతులైనవారి స్థితియు ఇంతే.

మూడవది రొద. బేతంచెర్ల, ఎర్రగుంట్ల ప్రాంతములలో ఎందరో బండలు కోయుచు, నునుపు చేయుచు జీవించుచున్నారు. రాతి ధూళిలో సిలికా ఉన్నచో అది ఊపిరితిత్తులలో చేరి క్షయకు చోటిచ్చును. యంత్రముల రొద రోమకణములను అలయించును. అట్టి చెవికి ఈ మందు తోడైన, నష్టము రెండింటి మొత్తమును మించవచ్చును.

నివారణ

సూది వేసిననే జబ్బు పోవునను నమ్మకము పల్లెలలో ఇంకను కలదు. జలుబుకు, మామూలు జ్వరమునకు ఈ సూదులు అక్కరలేదు. వైద్యుడు అవసరమని నిర్ణయించినప్పుడు మూత్రపిండముల పరీక్ష చేయించి, బరువును బట్టి మోతాదు నిర్ణయింపవలెను. వైద్యుడు వద్దనిననే తప్ప రోగి నీరు బాగుగా త్రాగవలెను. మూత్రము జారీచేయు ఫ్యూరోసెమైడ్ వంటి మందు వాడుచున్నను, తల్లివైపు బంధువులలో సూదుల పిదప చెవుడు వచ్చినవారున్నను ముందే చెప్పవలెను. కర్ణభేరికి చిల్లు పడిన చెవిలో జెంటామైసిన్, నియోమైసిన్ చుక్కలను సొంతముగా వేసికొనరాదు.

మందు మొదలిడుటకు ముందును, వాడుచుండగాను, ముగిసిన పిదపను వినికిడి పరీక్ష చేయించుట ముఖ్యము. సాధారణ పరీక్ష సెకనుకు 8,000 కంపనముల వరకే చూచును. అంతకు మించిన ధ్వనులను కూడ పరీక్షించినచో, సంభాషణ చెడకముందే నష్టము బయటపడును. అప్పుడు వైద్యుడు మందు మార్చగలడు.

మందులకు లొంగని క్షయకు కానామైసిన్ వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించెను. ఆ పిదప మన దేశమునను బెడాక్విలిన్ మొదలగు నోటి మందులు దాని స్థానమును ఆక్రమించెను. అయినను నవజాత శిశువుల రక్తదోషము వంటి ప్రమాదకర వ్యాధులలో జెంటామైసిన్, అమికాసిన్ నేటికిని ప్రాణములు నిలుపుచున్నవి. కావున చెవికి భయపడి రోగి తనంతట మందు మానరాదు. తల తిరిగినను, చెవిలో హోరు పుట్టినను ఆనాడే వైద్యునికి చెప్పవలెను.

ఉపాధ్యాయులకు కూడ ఇందొక బాధ్యత కలదు. పెద్ద జబ్బు నుండి కోలుకొని బడికి వచ్చిన పిల్లవాడు "శంఖము" అన్న "అంకము" అని వ్రాసినను, వెనుక నుండి పిలిచిన పలుకకున్నను, అతనిని పరాకు పిల్లవాడని దండింపరాదు. ముందు బల్లపై కూర్చుండబెట్టి, వినికిడి పరీక్షకు పంపవలెను. పోయిన రోమకణములు తిరిగిరావు. వినికిడి యంత్రముతో చదువు మాత్రము నిలుపవచ్చును.