కొండపల్లి బొమ్మ ఒరిజినలేనా? కొనేముందు ఇవి చూడండి

ఇవాళ టాపిక్ నా చేతిలోనే ఉంది. తాడిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు. పోయిన సంక్రాంతికి మా అమ్మమ్మ బొమ్మల కొలువు కోసం, "కొండపల్లి ఒరిజినల్" అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టా. పెదపాడు దాకా చక్కగా వచ్చింది. అమ్మమ్మ చేతిలోకి తీసుకుని ఒక్క మాటే అంది, "ఇంత బరువేంట్రా?" అని. బీటెక్ చదివి, రివ్యూలన్నీ చూసి కొన్నది నేను. పట్టేసింది ఆవిడ. రిటర్న్ గడువు కూడా అయిపోయింది, అందుకే మీ ముందుకు తెచ్చా.

బరువు ఎందుకు ముఖ్యమంటే, అసలు కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. బాగా మెత్తని, తేలికైన చెక్క. ఆరబెట్టి, సెగ చూపించి తేమ పోగొట్టాకే ఉలి పడుతుంది. ఇదిగో, అమ్మమ్మ దగ్గర పాత అంబారీ ఏనుగు ఉంది. సైజు పెద్దదే, అయినా రెండు వేళ్ళతో లేపొచ్చు. నాది చిన్నదే, కానీ రాయిలా ఉంది. అచ్చులో పోసిన సరుకు.

ఇప్పుడు అతుకులు చూడండి. బొమ్మంతా ఒకే ముక్కలో చెక్కరు. చేతులు, తల లాంటివి విడిగా చెక్కి మక్కుతో అతికిస్తారు. మక్కు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. తర్వాత సున్నం పూత, ఆపైన రంగు. అందుకే ఏనుగు తొండం దగ్గర రంగు లేచిన చోట ముందు తెల్లగా సున్నం, దాని కింద చెక్క కనిపిస్తున్నాయి. నా బొమ్మకేమో పక్కన పైనుంచి కిందదాకా సన్నని గీత ఉంది. రెండు అచ్చులు కలిసిన చోటు అది. ఆ గీత కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. (టెస్ట్ చేద్దామని కొత్త బొమ్మని గీకకండి ప్లీజ్!)

రంగు మెరుస్తోంది కాబట్టి డూప్లికేట్ అనుకోవద్దు. కొండపల్లిలోనే ఎనామిల్ రంగులు వాడేవాళ్ళున్నారు, సహజ రంగులు వాడేవాళ్ళూ ఉన్నారు.

ఇంకో కన్ఫ్యూజన్ ఏటికొప్పాక. అనకాపల్లి వైపు ఊరది. అక్కడ అంకుడు కర్రని లేత్ మీద తిప్పి లక్క రంగు పట్టిస్తారు, అందుకే నున్నగా, గుండ్రంగా ఉంటాయి. అవి నకిలీ కాదు, అసలు వేరే కళ. కొందరు సెల్లర్లు రెండింటికీ కొండపల్లి పేరే పెట్టేస్తారు, అదీ గొడవ.

కొండపల్లి బొమ్మలకి జీఐ గుర్తింపు ఉంది. 1999 జీఐ చట్టం ప్రకారం ఆ పేరు తప్పుగా వాడి అమ్మితే 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. కానీ లిస్టింగ్‌లో "జీఐ" అని టైప్ చేయడం ఎవరికైనా ఈజీయే కదా! కాబట్టి సెల్లర్‌ని బొమ్మ అడుగు భాగం, వెనక వైపు వీడియో అడగండి. అదే బొమ్మ రెండు పీసులు పక్కపక్కన పెట్టి చూపించమనండి. చేత్తో చెక్కినవైతే కళ్ళు, మీసాలు ఒక్కలా ఉండవు. జిరాక్స్ కాపీల్లా ఉంటే వదిలేయండి. అడిగినా వీడియో పంపకపోతే నేనైతే కొనను. ప్రభుత్వ లేపాక్షి షోరూముల్లో అయితే చేత్తో పట్టుకునే చూడొచ్చు.

ఈ సంక్రాంతికి మాత్రం ఆర్డర్ పెట్టట్లేదు. విజయవాడ దాటితే కొండపల్లే, బస్సెక్కి వెళ్ళి చేసేవాళ్ళ దగ్గరే కొంటా. అమ్మమ్మ కూడా వస్తానంటోంది, నా మీద నమ్మకం లేదట!