మట్టి చెప్పిన కోట

కోట అనగానే మనకు గోల్కొండ, కొండపల్లి, ఉదయగిరి వంటి దుర్గాలు స్ఫురిస్తాయి. శతాబ్దాల ఎండవానలకు ఓర్చి నిలిచిన రాతిగోడలే వాటి చరిత్రకు సాక్ష్యాలు. కాని, కాలి నేలమట్టమైన ఒక కొయ్యకోటను నూరేళ్ల తరువాత అదే చోట తిరిగి నిర్మించిన ఉదంతం ఒకటి ఉంది. అదే అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వాంకూవర్ నగరంలో, కొలంబియా నది ఉత్తర తీరాన ఉన్న ఫోర్ట్ వాంకూవర్. కెనడాలో ఇదే పేరుగల నగరం వేరు. ఈ కోటకు ఒకవైపు రహదారులపై వాహనాల హోరు, మరొకవైపు చిన్న విమానాశ్రయం. నడుమ పచ్చిక మైదానంలో నిలువు దుంగల ప్రాకారం సందర్శకులకు స్వాగతం పలుకుతుంది.

ఈ కోటను కట్టించినది రాజు కాదు, ఒక వర్తక సంస్థ. 1670లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ నుండి అధికారపత్రం పొందిన హడ్సన్ బే కంపెనీ ఉత్తర అమెరికాలో బొచ్చుతోళ్ల వ్యాపారం సాగించింది. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం నెలకొల్పిన సంగతి మనకు తెలిసినదే. అటువంటి స్థావరాన్ని ఆనాడు 'ఫ్యాక్టరీ' అనేవారు. అంటే కర్మాగారం కాదు, వర్తక ప్రతినిధి నివాసం అని అర్థం. ఫోర్ట్ వాంకూవర్ పాలకుడి హోదా కూడా 'చీఫ్ ఫ్యాక్టర్'. సముద్రాలు వేరైనా కంపెనీల పద్ధతి ఒక్కటే.

1825లో ప్రారంభమైన ఈ కోటను 1829లో నదికి చేరువగా, ఇప్పుడున్న చోటికి మార్చారు. చాలాకాలం దీని అధిపతి డాక్టర్ జాన్ మెక్‌లాలిన్. బీవర్ అనే జలచర జంతువు మెత్తని బొచ్చుతో చేసిన టోపీలకు ఐరోపాలో విశేషమైన గిరాకీ ఉండేది. స్థానిక జాతులవారు తెచ్చిన తోళ్లకు బదులుగా కంపెనీ కంబళ్లు, ఇనుప పనిముట్లు, పూసలు ఇచ్చేది. కోటలో ఫిరంగులు ఉన్నా యుద్ధంలో పేలలేదు. ఇక్కడి అసలు ఆయుధం లెక్కల పుస్తకమే.

1846లో బ్రిటన్, అమెరికాల మధ్య జరిగిన ఒప్పందంతో ఈ ప్రాంతం అమెరికా వశమైంది. 1849లో అమెరికా సైన్యం పక్కనే విడిది చేసింది. 1860లో కంపెనీ కోటను వదలిపోయింది. 1866 నాటి అగ్నిప్రమాదంలో మిగిలిన కట్టడాలు కూడా దగ్ధమయ్యాయి.

అయినా మట్టి ఆ కోటను మరచిపోలేదు. 1947లో పురాతత్త్వవేత్త లూయిస్ కేవుడ్ తవ్వకాలు ఆరంభించినప్పుడు, భూమిలో పాతిన దుంగల మొదళ్లు కుళ్లిన స్థితిలో వరుసగా బయటపడ్డాయి. ప్రాకారం ఎక్కడెక్కడ సాగిందో దానితో స్పష్టమైంది. తవ్వకాలలో దొరికిన పింగాణీ ముక్కలు, మేకులు, పూసలు లక్షల సంఖ్యలో ఉన్నాయి. వీటికి తోడుగా కంపెనీ ఆస్తుల జాబితాలు, ప్రయాణికులు గీసిన చిత్రాలు, 1860 నాటి ఛాయాచిత్రాలు లభించాయి. ఈ ఆధారాలన్నింటినీ సమన్వయించి 1966లో పునర్నిర్మాణం మొదలుపెట్టారు. అధిపతి భవనం, వంటశాల, రొట్టెల బట్టీ, కమ్మరి కొలిమి, బొచ్చుతోళ్ల గిడ్డంగి, మూలనున్న బురుజు ఒక్కొక్కటిగా తిరిగి లేచాయి. నేడు సందర్శకుడు కొలిమిలో ఇనుము కాగడం, సుత్తి దెబ్బకు వంగడం కళ్లారా చూడగలడు.

ఇక్కడ ఒక ప్రశ్న ఉదయిస్తుంది. కొత్త కొయ్యతో కట్టినది పాత కోట ఎలా అవుతుంది? నకలును చూసి అసలనుకునే ప్రమాదం లేదా? ఈ సందేహం న్యాయమైనదే. పునర్నిర్మాణం చరిత్ర కాదు. చరిత్రకు ఆధారాలతో చేసిన వ్యాఖ్యానం. ఏది దొరికినది, ఏది ఊహించినది అన్న వివేచనతో చూసినవారికే అది విజ్ఞానాన్నిస్తుంది.

మరొక సత్యాన్ని కూడా గుర్తించాలి. ప్రాకారం లోపల నివసించినవారు కొద్దిమంది ఉద్యోగులే. శ్రమించినవారు వెలుపలి పల్లెలో ఉండేవారు. హవాయి దీవులవారు, ఫ్రెంచి కెనడియన్లు, స్కాట్లాండువారు, అనేక స్థానిక జాతులవారు అక్కడ కలసి బ్రతికారు. పరస్పర సంభాషణకు చినూక్ జార్గన్ అనే మిశ్రమ భాషను వాడుకున్నారు. హవాయి కార్మికులకు మతబోధకుడుగా 1845లో వచ్చిన విలియం కౌలెహెలెహె ఇంటిని 1860లో సైన్యం తగులబెట్టింది. అంతకుముందే, 1830 నుండి వ్యాపించిన విషజ్వరాలకు కొలంబియా దిగువ లోయలోని చినూక్ ప్రజలలో పదింట తొమ్మిది వంతులవరకు మరణించారని చరిత్రకారుల అంచనా. అది మలేరియా అని భావిస్తున్నారు. కోట గోడలను తిరిగి నిలపవచ్చు. ఆ ప్రజలను నిలపలేము. పల్లెలో ఇప్పటికి కొన్ని ఇళ్లు మాత్రమే పునర్నిర్మితమయ్యాయి.

కోటకు, నదికి మధ్య రహదారి అడ్డుగా ఉండడంతో, 2008లో దానిపై మట్టి నింపి, స్థానిక మొక్కలు నాటిన విశాలమైన వంతెనను నిర్మించారు. పూర్వం ప్రజలు నడచిన దారిని అది మళ్లీ కలిపింది. ఇక ఈ కోటను కట్టించిన హడ్సన్ బే కంపెనీ దుకాణాలన్నీ 2025లో మూతపడ్డాయి. సంస్థ వైభవం అంతరించినా, అది విడిచిన కుళ్లిన దుంగలు ఒక నగరానికి పాఠ్యగ్రంథమయ్యాయి. కోట ద్వారం దాటి లోపలికి వెళ్లే సందర్శకుడు, తిరిగి వచ్చేటప్పుడు వెలుపలి పల్లె వైపు కూడా చూడాలి. అప్పుడే ఆ చరిత్ర పూర్తిగా చదివినట్లు.