వెళ్లిన ఎలక్ట్రాన్ వెనక్కి రాకూడదు!

ఆకు మీద వెలుతురు పడగానే పత్రహరితం నుంచి ఓ ఎలక్ట్రాన్ పక్క అణువు మీదకి దూకేస్తుంది. కిరణజన్య సంయోగక్రియ అని స్కూల్లో బట్టీ కొట్టాం కదా, దాని అసలు మొదలు ఇదే.

దీన్ని ల్యాబ్‌లో కాపీ కొట్టడం తేలికే అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ ఇచ్చే పార్ఫిరిన్‌ని (పత్రహరితానికి దగ్గరి చుట్టం లెండి), పుచ్చుకునే క్వినోన్‌ని రసాయన బంధంతో కలిపేస్తే సరి. లైట్ వేస్తే ఎలక్ట్రాన్ దూకుతుంది. చిక్కేంటంటే, దూకినంత పని చేసి మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది! నానోసెకన్లలోనే కథ ముగుస్తుంది, వెలుతురు శక్తంతా వేడిగా పోతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, సేవ్ అయ్యేలోపే రోల్‌బ్యాక్.

అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో డెవెన్స్ గస్ట్, థామస్ మూర్, అనా మూర్ బృందం 1984లో దీనికో ఉపాయం చూపించింది. పార్ఫిరిన్‌కి రెండో వైపున క్యారెట్ రంగు కుటుంబానికి చెందిన కెరోటినాయిడ్‌ని తగిలించారు. ఎలక్ట్రాన్ క్వినోన్ దగ్గరికి వెళ్లగానే పార్ఫిరిన్‌లో ఖాళీ ఏర్పడుతుంది. వెళ్లింది తిరిగొచ్చేలోపే కెరోటినాయిడ్ తన ఎలక్ట్రాన్‌తో ఆ సీటు నింపేస్తుంది. ఇప్పుడు ప్లస్ ఒక చివర, మైనస్ ఇంకో చివర. మధ్యలో దూరం ఎక్కువ కాబట్టి కలవడానికి మైక్రోసెకన్లు పడుతుంది.

మైక్రోసెకనంటే రెప్పపాటులో లక్షో వంతు కూడా కాదు. కానీ నానోసెకన్‌కి వెయ్యి రెట్లు! అన్నిసార్లూ ఈ రిలే కుదరదు, కొన్ని ఎలక్ట్రాన్లు మధ్యలోనే వెనక్కి జారిపోతాయి. ఆకు మాత్రం ఈ తొలి గెంతుని దాదాపు ప్రతిసారీ గెలుస్తుంది. తర్వాత క్వినోన్ బదులు 60 కార్బన్ల ఫుట్‌బాల్ లాంటి ఫుల్లరీన్ పెట్టి కూడా చూశారు. ఆ కాస్త టైమ్‌లోనే ఎలక్ట్రాన్‌ని పట్టుకుని, నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకానికి అందించాలి. అసలు కష్టం అక్కడుంది.