ఆ అరగంట కోసం...

ట్రాక్టర్ బ్యాటరీ ఊడదీశారు. పక్కింటి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డారు. వంట ఐదింటికే ముగించారు. ఫోనే టీవీ కాకముందు తెలుగిళ్లలో సీరియల్ చూడాలంటే ఎంత తతంగం!

ట్రాక్టర్ బ్యాటరీకీ సీరియల్‌కీ సంబంధం ఏమిటని ఇప్పటి పిల్లలకు సందేహం రావచ్చు. పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీ వెనక, కరెంటు తీగ పక్కనే ఇంకో చిన్న రంధ్రం ఉండేది. పన్నెండు వోల్టుల బ్యాటరీతో నడుపుకోవడానికి కంపెనీవాళ్లు ఇచ్చిన సదుపాయం అది. కరెంటు కోతల కాలంలో పల్లెల్లో దానికున్న విలువ ఇంతా అంతా కాదు. కరెంటు పోయే వేళకు ముందే ట్రాక్టర్ నుంచి బ్యాటరీ విప్పి, గోనెసంచిలో పెట్టి, ఇద్దరు మోసుకొచ్చి టీవీ బల్ల కింద దించేవారు. ఎర్ర తీగ ఒక కొనకు, నల్ల తీగ రెండో కొనకు. అటుది ఇటు పెడితే టీవీ కాలిపోతుందని భయం కాబట్టి, ఆ పని చేసే అధికారం ఇంట్లో ఒక్కడికే ఉండేది. చార్జింగ్ తగ్గేకొద్దీ బొమ్మ నాలుగు వైపుల నుంచీ ముడుచుకుపోయేది. హీరోయిన్ కంటతడి పెట్టే సమయానికి తెర మధ్యలో అరచేయంత బొమ్మ మిగిలేది. అయినా ఒక్కరూ లేచేవారు కాదు. తెల్లారి ట్రాక్టర్ స్టార్ట్ కాక, పొలం వెళ్లాల్సిన మనిషి వేసే చిందులు వేరే ఎపిసోడ్.

ఇప్పుడు సీరియల్ ఎక్కడికీ పోదు. రాత్రి రెండింటికి చూసినా, మర్నాడు బస్సులో చూసినా అక్కడే ఉంటుంది. అప్పట్లో తప్పిపోయిందంటే తప్పిపోయినట్టే. ఆ అరగంటకు టీవీ ఉండాలి, కరెంటు ఉండాలి, సిగ్నల్ అందాలి, మనిషి దాని ముందు కూర్చోవాలి. పైగా ఇంట్లోవాళ్లు ఊరుకోవాలి. ఈ చివరిది మిగతా నాలుగింటి కన్నా కష్టం.

హిందీ సీరియల్‌కు వీధి దుబాసీ

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లోనే మొదలైనా, జిల్లాల్లో చాలాచోట్ల టీవీ కొన్నవాళ్లకు ముందు దొరికింది ఢిల్లీయే. 1984లో కొన్ని నెలల పాటు దేశమంతటా రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు పెట్టుకుంటూ పోయారు. వాటిలో ఎక్కువ భాగం ఢిల్లీ ప్రసారాలను అందుకుని తిరిగి వదిలేవే. సరిగ్గా ఆ ఏడాది జులై 7న ‘హమ్ లోగ్’ మొదలైంది. మన దేశంలో తొలి సోప్ ఒపేరా అది. కుటుంబ నియంత్రణ, ఆడవాళ్ల హోదా వంటి సంగతులను కథలో కలిపి చెప్పవచ్చని మెక్సికోలో మిగెల్ సబీడో అనే ఆయన చేసి చూపించాడు. మనవాళ్లు అక్కడి నుంచి ఆ ఊహ తెచ్చుకున్నారు. మనోహర్ శ్యామ్ జోషి రాశారు. మొదట్లో నీతులు మరీ ఎక్కువయ్యాయని జనం పెదవి విరిచారు. ఆ పాలు తగ్గించి, ఇంటి గొడవలు పెంచాక ఇక తిరుగులేదు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ వచ్చి నాలుగు మాటలు చెప్పి వెళ్లేవాడు. పదిహేడు నెలల్లో ప్రేక్షకుల నుంచి వచ్చిన ఉత్తరాలు 4 లక్షలని లెక్క. బడ్కీ అనే పాత్ర ఎవరిని పెళ్లాడాలో కూడా ఉత్తరాల్లో సలహా ఇచ్చారు.

మరి హిందీ రాని తెలుగువాళ్ల సంగతి? ప్రతి వీధికీ ఎవరో ఒకరు దొరికేవారు. రిటైరైన మిలిటరీ ఆయనో, ఉత్తరాదిన పనిచేసొచ్చిన రైల్వే గార్డో, హిందీ ప్రచార సభ పరీక్షల్లో రాష్ట్రభాష దాకా గట్టెక్కిన పదహారేళ్ల అమ్మాయో. ఆ అమ్మాయిని టీవీకి దగ్గరగా కూర్చోబెట్టేవారు. ఆమెకు అర్థమైంది సగం, అల్లి చెప్పింది సగం. అసలు కథ కన్నా ఆమె చెప్పిన కథే బాగుందన్న వీధులూ ఉండే ఉంటాయి.

1987 జనవరి 25న ‘రామాయణ్’ మొదలయ్యాక దుబాసీ అవసరం పోయింది. కథ తెలియనివాడెవడు? ఆదివారం పొద్దున తలంటు పోసుకుని, టీవీకి దండ వేసి, అగరొత్తులు వెలిగించి కూర్చున్నారు. దీన్ని సోప్ ఒపేరా లెక్కన కట్టలేం కానీ, ప్రేక్షకుడి పట్టుదలకు దీన్ని మించిన సాక్ష్యం లేదు. ఉత్తరకాండ చూపించకుండానే ముగించేస్తున్నారని తెలిసి 1988లో పంజాబ్‌లోని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వాల్మీకిని తమవాడిగా కొలిచే జనం వాళ్లు. కథలో వాల్మీకి ప్రధానంగా కనిపించేది ఆ కాండలోనే. సమ్మె వేరే ఊళ్లకూ పాకింది. లవకుశుల కథ ఆ తర్వాత తెరమీదికి వచ్చింది.

చాప మీద ఎవరు, కిటికీ దగ్గర ఎవరు

అప్పటి టీవీకి తలుపులుండేవి. చెక్కపెట్టె, జరిపే షట్టరు, కొన్నిళ్లలో తాళం కూడా. మన హైదరాబాద్ ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ, మద్రాసు నుంచి వచ్చిన డయనోరా, సాలిడేర్. వీధిలో ఒక్క టీవీ ఉంటే ఆ ఇంటికి సాయంత్రాలు సొంతం కావు. ఆ ఇంటావిడ రోజూ ఊడ్చి, చాపలు పరిచి, జనం వెళ్లాక మళ్లీ ఊడ్చేది. చెప్పులు కలిసిపోయి గొడవలు. అసలు ఇంటివాళ్లకే కూర్చోను చోటు దొరక్క గుమ్మంలో నిలబడ్డ రోజులూ ఉన్నాయి.

వీధంతా ఒకే కుటుంబంలా కలిసి చూసేదని ఇప్పుడు తీయగా చెప్పుకుంటున్నాం. అందులో నిజం సగమే. చాప మీద కూర్చునేవాళ్లు వేరు, గడప ఇవతల ఆగేవాళ్లు వేరు, కిటికీ చువ్వలు పట్టుకుని బయటి నుంచి చూసేవాళ్లు వేరు. ఎవరి స్థానం ఏదో ఎవరూ నోటితో చెప్పనక్కర్లేకుండా అందరికీ తెలుసు. పనిమనిషి లోపలికి వచ్చి చూసినా కింద, ఓ మూలన. కొందరు పిల్లల దగ్గర పావలా పుచ్చుకుని రానిచ్చేవారు. పంచాయతీ టీవీ కొంత నయం. కాకపోతే దాని పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్ల దయ.

యాంటెన్నా పురాణం అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. డాబా మీద ఒకరు తిప్పడం, మెట్ల మీద ఒకరు కబురు మోయడం, కింద ఒకరు “వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది” అనడం. కాకి వాలినా బొమ్మ కదిలేది. అన్నీ కుదిరిన రోజున అటువైపు నుంచి ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని పలక పెట్టేవారు. చిత్రమేమిటంటే ఆ పలకను కూడా చాలాసేపు చూసేవాళ్లం.

వారపత్రిక నుంచి టీవీలోకి

మన ఆడవాళ్లకు తరువాయి భాగం కోసం ఎదురుచూడడం టీవీ నేర్పింది కాదు. వారపత్రికలు ఎప్పుడో అలవాటు చేశాయి. ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వస్తున్న కాలంలో పత్రిక కోసం కళ్లు కాయలు కాచేలా చూసినవాళ్లున్నారు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకోవడం ఎన్నో ఇళ్లలో ఉన్నదే. మధ్యలో ఒక వారం పోతే ఆ నాలుగు పేజీల కోసం ఊరంతా అడిగేవారు. అందుకే యద్దనపూడి సులోచనారాణి రచన ‘ఋతురాగాలు’ మంజులానాయుడు దర్శకత్వంలో దూరదర్శన్‌లోకి వచ్చినప్పుడు, చదివే అలవాటున్న చేతులే టీవీ ఆన్ చేశాయి.

1995 ఫిబ్రవరిలో జెమిని, ఆగస్టు 27న ఈటీవీ వచ్చాయి. డాబాల మీద యాంటెన్నా తుప్పు పడుతుంటే స్తంభాల మీద నల్లటి కేబుల్ పాకింది. పాత టీవీలకు ఎనిమిదో, పన్నెండో బొత్తాలు. చానల్ నిలవకపోతే ట్యూనింగ్ చక్రం సందులో అగ్గిపుల్ల దూర్చేవారు. అగ్గిపుల్ల కదిలితే జెమిని పోయి ఇసుక కనిపించేది. దాన్ని ముట్టుకున్న పిల్లాడికి వీపు చిట్లేది.

ఆ తర్వాతది అందరూ ఎరిగిన చరిత్రే. సన్ టీవీలో రాధిక ‘చిత్తి’ తెలుగులో ‘పిన్ని’ అయి వచ్చింది. మంజులానాయుడు ‘చక్రవాకం’ 2003 నుంచి, ‘మొగలిరేకులు’ 2008 నుంచి జెమినిలో ఏళ్ల తరబడి నడిచాయి. వారానికోసారి వచ్చేది రోజూ వచ్చేదైంది. ఎదురుచూపు తగ్గాలి కదా? తగ్గలేదు, రోజుకొకటైంది.

వంటింట్లోంచి విన్న కథ

అసలు సాహసం ఇక్కడుంది. బ్యాటరీ మోయడం, యాంటెన్నా తిప్పడం నలుగురికీ కనిపించే పనులు. మగపిల్లలు చేసి గొప్పలు చెప్పుకున్న పనులు. ఇంటావిడ అరగంట సంపాదించుకోవడం ఎవరికీ కనపడలేదు. టీవీ హాల్లో, పొయ్యి వంటింట్లో. సీరియళ్లు వచ్చేది సరిగ్గా రాత్రి వంట వేళ.

అందుకని రోజునే తిరగేసుకుంది. కూర మధ్యాహ్నమే తరిగి పెట్టడం, ఐదింటికే కుక్కర్ ఎక్కించడం, పిల్లలకు లెక్కలు సీరియల్‌కు ముందో వెనకో చెప్పడం. చపాతీ పీట హాల్లోకి వచ్చింది. టీవీ ముందు చేసే పనులకు కూడా లెక్కుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయవచ్చు, వెల్లుల్లి ఒలవచ్చు, పూలు కట్టవచ్చు, ఇవి చేతికి వచ్చిన పనులు. బియ్యం ఏరకూడదు. ఏరితే మర్నాడు పంటికింద రాయి, పక్కన అత్తగారి మాట. ఆ వేళకు చుట్టాలొస్తే “రండి రండి” అని కూర్చోబెట్టి, మంచినీళ్లు మాత్రం ప్రకటనలు వచ్చినప్పుడు తెచ్చిచ్చేవారు. పదో తరగతి పరీక్షలని కేబుల్ పీకించేస్తే, పీకించిన తల్లే ఆ అరగంట పక్కింట్లో ఉండేది.

ఇంత చేసినా సగం రోజులు చూడడం కుదిరేది కాదు, వినేవారు. తాలింపు వేస్తూ చెవి హాల్లో పెట్టేవారు. మన సీరియళ్లను ఎగతాళి చేసేవాళ్లు ఎప్పుడూ అవే చెబుతారు. ఒక్క మాటకు మూడు ఉరుములు, ఒక్కొక్కరి మొహం మీదికీ కెమెరా, జరిగినదాన్నే మళ్లీ నోటితో చెప్పడం. నాకు ఆ ఎగతాళి సబబనిపించదు. ఆ ఉరుము సోఫాలో కూర్చున్నవాళ్లకు అక్కర్లేదు, పొయ్యి దగ్గరున్న మనిషికి కావాలి. ఏదో జరిగింది, గరిటె వదిలి రా అని పిలుపు అది. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చేదాకా కెమెరా మొహాల మీద తిరుగుతూనే ఉంటుంది. సోప్ ఒపేరా పుట్టిందే 1930ల అమెరికా రేడియోలో. పగటిపూట ఇంటిపని చేసుకుంటూ వినే గృహిణుల కోసం ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ లాంటి సబ్బుల కంపెనీలు డబ్బు పెట్టి నడిపించిన కథలవి. తెర వచ్చినా ఆ చెవి పోలేదు.

మగవాళ్ల సంగతీ చెప్పాలి. వాళ్లు సీరియల్ చూడరు. పేపర్ చదువుతుంటారు. అదే పేజీ అరగంట. మధ్యలో పేపర్ వెనక నుంచి ప్రశ్న వస్తుంది, “ఆ పిల్ల మళ్లీ పుట్టింటికి ఎందుకొచ్చిందీ?”

తప్పిపోతే చెప్పేవాళ్లు

పెళ్లికో పరామర్శకో వెళ్లి ఒక భాగం పోతే దాన్ని తిరిగి రాబట్టుకునే దారి ఒక్కటే, చూసినవాళ్లు చెప్పడం. నీళ్ల పంపు దగ్గర, బస్సులో, ఆఫీసు లంచ్‌బాక్సుల మధ్య. వేరే ఊళ్లో ఉన్న అక్కకు రాత్రి పొద్దుపోయి చార్జీ తగ్గాక ఎస్టీడీ చేసి క్షేమ సమాచారాలు రెండు ముక్కల్లో ముగించి, “నిన్న ఏమైందే?” అనేవారు. మీటర్ తిరుగుతుంటే ఇరవై రెండు నిమిషాల కథను మూడు నిమిషాల్లో, ఏడుపులతో సహా చెప్పగలిగిన కథకులు ఇంటింటా తయారయ్యారు. శుక్రవారం భాగం పోగొట్టుకున్నవాళ్ల బాధ ఎక్కువ. వారం మొత్తంలో పెద్ద ముడి ఆ రోజే వేస్తారు.

రికార్డు చేసుకోవచ్చు కదా అంటే, మన దగ్గర వీసీఆర్ ఉన్న ఇళ్లు తక్కువ. అది అద్దెకు తెచ్చి రాత్రంతా సినిమాలు చూసే యంత్రం. అమెరికాలో అలా కాదు. అక్కడ పగటి సీరియళ్లను టైమర్ పెట్టి టేపు చేసి, ఉద్యోగం నుంచి వచ్చి చూసుకునేవారు. అది చోరీ కాదని 1984 జనవరిలో సోనీ బీటామ్యాక్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. అదే అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు మాత్రం చిక్కే. ఇండియన్ స్టోర్‌లో పప్పులు, పచ్చళ్ల పక్కన అద్దె క్యాసెట్లుండేవి. ఇంటి నుంచి ఎవరైనా రికార్డు చేసి పంపితే మనది పాల్ పద్ధతి, వాళ్లది ఎన్‌టీఎస్‌సీ, మామూలు వీసీఆర్‌లో పెడితే గీతలు. రెండూ ఆడే యంత్రం ఎవరింట్లో ఉందో కనుక్కుని, వారాంతంలో వాళ్లింటికి కారేసుకుని వెళ్లాలి. కాన్పుకు సాయమని ఆరు నెలలకు వచ్చిన అమ్మలకు చలి ఒక కష్టం, సగంలో వదిలొచ్చిన సీరియల్ ఇంకో కష్టం.

ఇక్కడ కరెంటు కోతలు మాత్రం చాలాకాలం వదల్లేదు. పేపర్‌లో కోతల వేళలు రాగానే సీరియల్ వేళతో సరిచూసుకునేవారు. తమ ఫీడర్‌కు కోత ఉంటే వేరే ఫీడర్ వీధిలో చుట్టరికం గుర్తొచ్చేది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఆసుపత్రి అవసరమన్నంత గంభీరంగా “ఎప్పుడొస్తుందండీ” అని అడిగేవారు. అవతలివాళ్లకూ తెలుసు, ఎందుకడుగుతున్నారో.

ఇప్పుడు ఎదురుచూపు తప్పించడమే సరుకైంది. చందా కడితే కొన్ని సీరియళ్లు టీవీ కన్నా ముందే యాప్‌లో వచ్చేస్తున్నాయి. ‘కార్తీక దీపం’ నడిచిన రోజుల్లో ఈ సౌకర్యం ఇళ్లలో కొత్త తగాదా పెట్టింది. నగరంలో ఉండే కూతురు పొద్దున్నే ఫోన్‌లో చూసేసి, అమ్మకు ఫోన్ చేసి అందులో నాయిక వంటలక్క సంగతి చెప్పబోయేది. “చెప్పావంటే ఫోన్ పెట్టేస్తాను” అనేది అమ్మ. ఆ యాప్‌కు చందా కట్టిందీ, పాస్‌వర్డ్ ఇచ్చిందీ కూతురే. అమ్మ మాత్రం రాత్రి ఏడున్నరకు టీవీలో చూస్తాననేది.