వృద్ధుల వైద్యము – బీమా సంస్థల పొదుపు

అమెరికాలో నర్సింగు హోమ్ అనగా మన పట్టణములలోని చిన్న ఆసుపత్రి కాదు. తమ పనులు తాము చేసికొనజాలని వృద్ధులు నివసించు శుశ్రూషాలయము. అచ్చట ముఖ్యముగా 65 ఏండ్లు నిండినవారి వైద్యమునకై 1965లో మెడికేర్ పథకము ఏర్పడినది. ఆ భారమును ప్రయివేటు బీమా సంస్థలును వహింపవచ్చును. శుశ్రూషాలయవాసులకు ప్రత్యేక పథకములను 2003 నాటి చట్టము అనుమతించినది.

ఈ సంస్థలకు ప్రభుత్వము తలకింత యని నెలనెలా చెల్లించును. ఆసుపత్రి ఖర్చు అందుండియే పోవలెను. రోగి ఆసుపత్రికి పోకున్నచో ఆ మేరకు సంస్థకు మిగులు.

ఇందు మేలు లేకపోలేదు. చిన్న జబ్బులకు మంచముకడనే చికిత్స జరిగినచో ముదుసలికి ప్రయాణపు శ్రమ, క్రొత్తచోటి కలవరము తప్పును.

కాని ఆసుపత్రికి పంపుట తగ్గినకొలది శుశ్రూషాలయమునకు బహుమానము ముట్టినచో? రక్తపుగడ్డవలన పక్షవాతము వచ్చినపుడు దానిని కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల, ఆసుపత్రిలో ఈయవలెను. అట్టివేళ ఒక గంట జాగు చేసినను కాలుసేతులు శాశ్వతముగా పడిపోవచ్చును. యునైటెడ్‌హెల్త్ సంస్థ ఇట్టి బహుమానములు ఇచ్చినదని 2025 మే నెలలో గార్డియన్ పత్రిక వ్రాసినది. సంస్థ దానిని ఖండించి, పత్రికపై పరువునష్టపు దావా వేసినది.

దావా సంగతి ఎట్లున్నను, సూత్రమొకటి స్పష్టము. పొదుపు దోషము కాదు. కాని రోగిని పంపవలెనా, వలదా యని నిర్ణయించువారికి ఆ నిర్ణయమువలన లాభము కలుగరాదు.