భూమి పట్టు వదిలిన రోజు

ఓ రోజు ఉన్నట్టుండి భూమ్యాకర్షణ సన్నగిల్లిపోతుంది. ఆరుబయట ఉన్నవాళ్లు నిలుచున్నచోటు నుంచే పైకి లేచి ఆకాశంలో కలిసిపోతారు. ఇంట్లో ఉన్నవాళ్లను కప్పు కాపాడుతుంది. అప్పటికి పసిపాపైన విల్లా ఫౌలర్ తల్లిని ఆ రోజే పోగొట్టుకుంటుంది. ఇరవై ఏళ్ల తర్వాత అదే విల్లా షికాగో మేడల మధ్య గాల్లో దూకుతూ ఇంటింటికీ పార్సిళ్లు అందిస్తుంటుంది. తండ్రి నేట్ మాత్రం గడప దాటడు.

ఇదీ ‘స్కైవర్డ్’ గ్రాఫిక్ నవల. రచన జో హెండర్సన్, బొమ్మలు లీ గార్బెట్, రంగులు ఆంటోనియో ఫాబెలా. ఇమేజ్ కామిక్స్ 2018 ఏప్రిల్‌లో మొదలుపెట్టి 2019లో పదిహేను సంచికలతో ముగించింది. మూడు సంపుటాలుగా దొరుకుతోంది.

ప్రళయం తర్వాతి కథలు సాధారణంగా పోయినదాన్ని తలచుకుని ఏడుస్తాయి. ఇక్కడ ఆ ఏడుపు తండ్రిది. కూతురికి బరువంటే ఏమిటో తెలియదు, ఎగరడమే ఆమెకు నడక. ఒకే ఇంట్లో ఒకరు పాత లోకాన్ని మోస్తూ, ఒకరు కొత్త లోకాన్ని ప్రేమిస్తూ బతకడం ఈ నవలకు ప్రాణం. ఎక్కువ బలంతో దూకితే తిరిగి కిందికి రారు. ఆ భయం తెలిసీ విల్లా దూకుతుంది.

కామిక్ పేజీలో మన కన్ను ముందు నేలను వెతుక్కుంటుంది. కాళ్లు కింద, తల పైన ఉంటేనే బొమ్మ కుదురుగా ఉందనుకుంటాం. గార్బెట్ ఆ అలవాటును మాన్పిస్తాడు. మనుషులు ఏ దిక్కు నుంచైనా గళ్లలోకి దూసుకొస్తారు. ఇది సినిమాకన్నా బొమ్మల పుస్తకానికే బాగా నప్పిన కథ అని నా నమ్మకం. ఎగిరిన మనిషిని పాఠకుడు కోరినంతసేపు గాల్లోనే నిలపగలదు పేజీ.

సైన్సు లెక్క తీస్తే చిక్కులున్నాయి. ఆకర్షణ అంతగా తగ్గితే గాలి భూమిని అంటిపెట్టుకుని ఉండదు, చంద్రుడూ జారిపోతాడు. కథ ఆ జోలికి పోదు. కానీ వాన దగ్గర రచయిత ఊహ గట్టిది. ఈ లోకంలో తుపాను వస్తే మనిషి తడవడు, గాల్లో తేలే నీళ్లలో మునిగి చస్తాడు. ఇది ఉత్త కల్పన కాదు. 2013 జులై 16న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల పనిచేస్తున్న ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో హెల్మెట్‌లోకి నీళ్లు ఊరాయి. కిందికి కారే దారి లేక అవి ముద్దగా కళ్లకూ ముక్కుకూ అంటుకున్నాయి. కళ్లు కనపడని స్థితిలో ఆయన తడుముకుంటూ లోపలికి చేరాడు. రెండో సంపుటంలో వచ్చే రాకాసి తూనీగలూ నన్ను అంతే ఆకట్టుకున్నాయి. నిజమైన భూమి మీద కూడా ముప్ఫై కోట్ల ఏళ్ల కిందట రెండడుగులకు మించిన రెక్కల విస్తృతితో తూనీగల చుట్టాలు ఎగిరాయి. అప్పటి గాలిలో ఆక్సిజన్ ఎక్కువ కావడం అందుకు కారణమని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

నేట్‌కు ఆకర్షణను తిరిగి తెచ్చే మార్గం తెలుసు. బరువంటే తెలియకుండా పెరిగిన తరానికి అది వరమేనా? వ్యోమగాముల సంగతే చూడండి. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2021-22లో అంతరిక్షంలో 177 రోజులు గడిపారు. అక్కడ బరువు మోసే ఎముకలు నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత కోల్పోతాయి. అందుకే వ్యోమగాములు రోజూ సుమారు రెండు గంటలు కసరత్తు చేస్తారు. అలాంటిది ఇరవై ఏళ్లు తేలుతూ పెరిగిన విల్లా ఎముకల మీద మళ్లీ భూమి భారమంతా పడితే? పైగా ఆమె స్నేహితుడు ఎడిసన్‌కు కాళ్లు లేవు. తేలే లోకంలో అతను ఎవరికీ తీసిపోడు. నేట్ కోరిక నెరవేరితే ఎడిసన్‌కు చక్రాల కుర్చీయే గతి. పాత లోకం తిరిగి రావాలని కోరే హక్కు తండ్రికి ఎంత ఉందో, వద్దనే హక్కు ఈ పిల్లలకూ అంతే ఉందంటాను నేను.