సురవరం అక్షరాలు – వాటికి తగిన చోటు

గత సంవత్సరం మా సంచిక ముఖపత్రాన్ని చూచి పలువురు మెచ్చుకొన్నారు. ఒక విద్యార్థిని మాత్రం లోపలి బహుమతుల పట్టికను తెచ్చి, తన పేరు ‘పాతిమా’ అని పడినదని చూపినది. భూతద్దంతో చూడగా ‘ఫ’ క్రింది ఒత్తు ఉన్నది. కాని కంటికి ఆనదు. జోడించినవారి తప్పు కాదు. శీర్షికకు వాడిన సురవరం ఫాంటునే చిన్నది చేసి పట్టికకు కూడా వాడించినవారము మేమే.

గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించగా, సిలికానాంధ్ర ఉచితంగా అందరికీ అందించిన తెలుగు ఫాంట్లలో ఇది ఒకటి. పేరు సురవరం ప్రతాపరెడ్డిగారిది. మన కార్వాన్ దారి వెళ్లే కోట పేరుతోనే ఆయన 1926లో గోలకొండ పత్రికను నడిపారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఆక్షేపణకు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి జవాబిచ్చారు. పేర్లను నిలబెట్టినవాని పేరుగల అక్షరంలోనే ఒక పేరు చెడినందుకు మాకు సిగ్గు కలిగినది.

ఇంగ్లీషు అక్షరాల కొసలకు ‘సెరిఫ్’ అనే చిన్న పాదాలుంటాయి. రోమునగరంలో ట్రాజన్ స్తంభంపై 113వ సంవత్సరం నాటి శాసనంలో వాని సొంపు చూడవచ్చును. ఆ పాదాలు తీసివేసినను ‘ఎ’ అన్న అక్షరం ‘ఎ’గానే ఉంటుంది. మన తలకట్టును చూచి ఇదియు అట్టి అలంకారమే అనుకొనేవారున్నారు. అది పొరపాటు. ‘క’ మీది తలకట్టు తొలగి గుడి వచ్చినప్పుడే ‘కి’ అవుతుంది. ‘ప’ ఒంటికి, తలకట్టుకు నడుమనున్న ఖాళీ పూడుకొన్నచో ‘పని’ కాస్తా ‘వని’ అవుతుంది. తెలుగులో కొసలు, సందులు, ఒత్తులు నగలు కావు, అవయవాలు.

ఉర్దూ చదివినవారికి ఇది వింత కాదు. ఫాతిమా అన్న పేరు మొదటనుండే ‘ఫే’కు, ‘ఖాఫ్’కు ఆ స్థానంలో భేదం ఒక్క నుక్తాయే. నస్తాలీఖ్ వ్రాసే కాతిబ్ వంపును ఎంత సాగదీసినను నుక్తాను మరుగుపడనీయడు.

అలంకారాక్షరానికి దూరం కావలెను. మన తోలి మసీదు (1671) గచ్చుపనిని ముంగిట నిలిచి చూస్తాము గాని గోడకు ముక్కు ఆనించి చూడము గదా! ముఖపత్రం, శీర్షిక, వివాహ ఆహ్వానంలో వధూవరుల పేర్లు, సభావేదిక వెనుక కట్టే బ్యానరు – ఇవి సురవరానికి తగిన చోట్లు. వ్యాసాలకు, పట్టికలకు, పరీక్షా ప్రకటనలకు సాదా అక్షరమే మేలు. యోగ్యతాపత్రంలో కళాశాల పేరుకు అలంకారం ఉండవచ్చును. విద్యార్థి పేరుకు వద్దు. అనుమానమున్నచో, అచ్చయ్యే పరిమాణంలోనే ఒక ప్రతి తీసి, ఆ పేరు ఎరుగనివారిచేత చదివించి చూడవలెను.

ఈ సంవత్సరం ముఖపత్రం సురవరంలోనే ఉంటుంది. బహుమతుల పట్టిక సాదా అక్షరాలలో జోడింపబడినది. దాని ప్రూఫును గ్రంథాలయం బల్లపై ఉంచాము. విద్యార్థులు తమ తమ పేర్లు చూచుకొని ప్రక్కన సంతకం చేయవలెను. మొదటి సంతకం ఫాతిమాది.